అడ్వాన్సు రాసే కాగితం మీదే బోటు నంబరూ రాయించండి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లకు,

నమస్కారం. ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊళ్ళకు దగ్గర్లో చిన్న నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. జెరాక్సులు, ఆధార్ ప్రింట్లు, రైలు టికెట్లు, డబ్బులు పంపడం, తీయడం నా పని. జూన్, జూలైల్లో నా దగ్గరకొచ్చేవాళ్ళలో చాలామంది గుజరాత్ బోట్ల మీద పనిచేసే కళాసీలు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలే వాళ్ళు ఇంటిపట్టున ఉంటారు. ఆగస్టు దగ్గరపడేసరికి వెరావల్, పోరుబందర్, ఓఖా అంటూ బయల్దేరతారు. మళ్ళీ కనబడేది వచ్చే ఎండాకాలంలోనే. వాళ్ళు ఊళ్ళో ఉన్న ఈ కొద్ది రోజుల్లో మీరు చెయ్యగల పని ఒకటుంది. అది అడగడానికే ఈ లేఖ.

వలస ఆపమని అడగడం లేదు. గుజరాత్ డబ్బుతోనే మా ఊళ్ళలో స్లాబు ఇళ్ళు లేచాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, కొందరి పిల్లలు ఇంజనీరింగ్ దాకా వెళ్ళారు. అక్కడి సేట్లు, అంటే బోటు ఓనర్లు, అందరూ దుర్మార్గులూ కారు. కళాసీ తల్లి పోయిందని తెలిసి విమానం టికెట్ కొనిచ్చి పంపిన సేటు గురించీ విన్నాను. అయితే మంచి సేటు దొరకడం, చెడ్డ సేటు దొరకడం లాటరీ టికెట్టులా ఉంది. చెడ్డవాడి చేతిలో పడితే మనవాడు చూపించుకోవడానికి చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకూ అంత లేదు. విజయనగరానికి 28 కిలోమీటర్లు, అదంతా భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. అంత తీరం ఉన్నా మాకున్నవి ఇసుకలోకి లాక్కునే ఫైబర్ బోట్లే. హార్బర్లు, జెట్టీల కబుర్లు ఏళ్ళుగా వింటున్నాం. కంపెనీల నుంచి సముద్రంలో కలిసే నీళ్ళ సంగతి, ఒడ్డు దగ్గర చేప తగ్గిపోయిన సంగతి మీకు సోమవారం గ్రీవెన్స్‌లో ఎంతోమంది చెప్పే ఉంటారు. నేను మళ్ళీ చెప్పను. "ఎల్లకపోతే ఏటి తింతాం బాబూ?" అంటారు మావాళ్ళు. నా దగ్గర దానికి జవాబు లేదు.

నేను చూసిన ఒక కాగితం గురించి చెప్తాను. పిల్లలు రాసుకునే లాంగ్ నోట్‌బుక్‌లో చింపిన పేజీ. దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని ఒకతను తెచ్చాడు. పైన అతని పేరు, ఇంటిపేరు. పక్కన "అడ్వాన్స్ 40,000". దాని కింద "నెలకి 14", అంటే 14 వేలు. ఆ కింద వరసగా కోతలు: రైలు టికెట్టుకింత, మందులకింత, రెయిన్‌కోటుకింత, పండక్కి ఇంటికి పంపిందింత. చివర ఊదారంగు వేలిముద్ర. పేజీ రెండు వైపులా తిప్పి చూశాను. బోటు పేరు లేదు, నంబరు లేదు, సేటు పేరు లేదు. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, లెక్క ఏ తేదీన చూస్తారో లేదు. కళాసీ ఎంత బాకీయో అణాపైసలతో ఉంది గానీ, అతనికి ఎవరు జీతం ఇవ్వాలో మాత్రం ఎక్కడా లేదు.

మన ఊరి బోటులో వేటకెళ్తే ఇలా ఉండదు. చేప ఒడ్డుకొచ్చిన కాసేపట్లోనే వేలం పాట పెట్టేస్తారు. డీజిల్, ఐసు ఖర్చు తీసేసి, బోటుకూ వలకూ ఇన్ని పాళ్ళు, మనిషికి ఇంత అని అక్కడే పంచుకుంటారు. తక్కువైతే తక్కువే, అందరి కళ్ళ ముందే. నచ్చకపోతే మర్నాడు ఇంకో బోటు ఎక్కుతాడు. గుజరాత్ బోటు మీద నెలజీతం అంటారు గానీ నెలనెలా చేతికి రాదు. మధ్యలో ఇంటికి కొంత పంపిస్తారు, మిగతాది సీజను ఆఖర్న లెక్క చూసి ఇస్తారు.

ఆ పేజీలో లెక్కనే తీసుకోండి. ఆగస్టులో బోటెక్కితే, ఇంటికి పంపినది, కోతలు పోగా, సంక్రాంతి నాటికి నలభై వేలు తీరిపోతాయి. అక్కడి నుంచి సేటే కళాసీకి బాకీ. నెల గడిచేకొద్దీ ఆ బాకీ పెరుగుతూనే ఉంటుంది. కానీ బోటు మీద అప్పులోడన్న పేరు మాత్రం కళాసీకే. ఫిబ్రవరిలో ఒంట్లో బాగోలేక దిగిపోతానంటే "అడ్వాన్సు తీసుకున్నావ్ గదా" అంటారు. మధ్యలో దిగినవాడికి నిలిచిపోయిన జీతం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే దిగడు. కొట్టక్కర్లేదు, గొలుసులు వెయ్యక్కర్లేదు, జీతం ఆపేస్తే చాలు.

దిగాలన్నా ఎక్కడికి దిగుతాడు? ట్రాలింగ్ బోటు ఒకసారి వెళ్తే పదిహేను ఇరవై రోజులు సముద్రం మీదే. ఫోన్ సిగ్నల్ ఒడ్డు దాటిన కాసేపటికే పోతుంది. వల మూడు నాలుగు గంటలకోసారి దించడం, లాగడం, చేప ఏరడం, ఐసులో పెట్టడం. ఇది పగలూ రాత్రీ నడుస్తుంది కాబట్టి నిద్ర ముక్కలు ముక్కలే. వల లాగే విన్చి తాడులో వేలు నలిగినా, గుండెల్లో నొప్పొచ్చినా, బోటు వెనక్కి తిప్పాలా వద్దా అన్నది డీజిల్ ఖర్చు చూసుకుని తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయంలో కళాసీ మాటకు విలువ ఉండదు. సరిహద్దు దగ్గరకు వెళ్ళాలా వద్దా అన్నదీ అంతే.

ఇంకో చిన్న సంగతి. ప్రతి జూన్‌లోనూ కొందరు ఆధార్ ప్రింటు కొత్తది కావాలని వస్తారు. "పాతది పోయిందా?" అంటే "పోలేదు, అక్కడే ఉండిపోనాది" అంటారు. సేటు దగ్గరో, సేటు గుమాస్తా దగ్గరో. జులైలో ఇంకో రకం బేరం కూడా వస్తుంది. మీసం సరిగ్గా మొలవని కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చి "వీడి పుట్టిన తేదీ కాస్త వెనక్కి జరపొచ్చా?" అని అడుగుతారు. అది నా చేతిలో లేదని పంపించేస్తాను. వాళ్ళు వేరే చోటికి వెళ్తారని నాకు తెలుసు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీని గుర్తుపట్టడానికి 11 లక్షణాలు చెప్పింది. గుర్తింపు కాగితాలు దగ్గర పెట్టుకోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, మనిషిని నలుగురికీ దూరంగా ఉంచడం, మితిమీరిన పనిగంటలు అందులోవే. ఇవన్నీ ఉన్న ప్రతి బోటూ బానిస బోటేనని నేను అనను. కానీ పైన చెప్పినవాటిలో ఎన్ని ఆ జాబితాలో ఉన్నాయో మీరే చూడండి. 2021లో ప్రపంచం మొత్తమ్మీద 1,28,000 మంది జాలర్లు బోట్ల మీద బలవంతపు చాకిరీలో ఉన్నారని ఆ సంస్థ అంచనా. అది తక్కువ అంచనాయేనని కూడా చెప్పింది. సముద్రం మీద తనిఖీకి ఎవరెళ్తారు మరి?

ఇక్కడ మీరు "అది గుజరాత్ పరిధి, మేమేం చెయ్యగలం?" అనొచ్చు. నా లేఖ అంతా ఆ ఒక్క మాట మీదే. పని గుజరాత్‌లో జరుగుతుంది, నిజమే. కట్టు పడేది మాత్రం ఇక్కడ. అడ్వాన్సు చేతులు మారేది మన ఊళ్ళో, మన రామమందిరం అరుగు మీద, మీ జిల్లాలో. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అడ్వాన్సు పేరు చెప్పి మనిషిని వేరే పని చేసుకోకుండా, దేశంలో తిరగకుండా, తన కష్టాన్ని మార్కెట్ ధరకు అమ్ముకోకుండా కట్టేస్తే దాన్నే వెట్టి అంటుంది. గొలుసులుండాలని ఎక్కడా లేదు. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం అలాంటి అప్పు ఇవ్వడమే నేరం, మూడేళ్ళ దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. చట్టం అమలు అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మీకే ఇచ్చారు. ఆ చట్టం కింద ఏర్పడే జిల్లా విజిలెన్స్ కమిటీకి అధ్యక్షులూ మీరే.

1982లో ఏషియాడ్ కూలీల (ఢిల్లీ ఏషియన్ గేమ్స్ కట్టడాల్లో పనిచేసినవాళ్ళ) కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్ళింది. ఆకలికి తట్టుకోలేక కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకుని చేసినా అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. రోజుకు పద్ధెనిమిది గంటలు పనిచేసేవాడి నెల 14 వేలను గంటల లెక్కన భాగించి చూస్తే ఎంతొస్తుందో మీ కార్మిక శాఖ అధికారిని అడగండి.

ఒక్కో అడ్వాన్సునూ పట్టుకుని కేసు పెట్టమని నా ఉద్దేశం కాదు. పెడితే ముందు ఇరుక్కునేది ఎవరో నాకు తెలుసు: తండేలు. బోటు నడిపేదీ అతనే, ఊళ్ళో కళాసీలను కుదిర్చేదీ అతనే, సేటు డబ్బు తెచ్చి పంచేదీ అతనే. అతను మనవాడే. ఒకరికి మేనమామ, ఒకరికి బావ, ఒకరికి పెదనాన్న కొడుకు. కళాసీ మధ్యలో దిగిపోతే సేటు తండేలు జీతంలోంచి పట్టుకుంటాడు. కాబట్టి తండేలు గట్టిగా మాట్లాడతాడు, ఊళ్ళో ఉన్న కళాసీ భార్యను కూడా అడుగుతాడు. ఆవిడ ఎవరి మీద ఫిర్యాదు చేస్తుంది? సొంత అన్నయ్య మీదా? మన పోలీస్ స్టేషన్లకు ఇలాంటి ఫిర్యాదులు రాకపోవడానికి కారణం సమస్య లేకపోవడం కాదు. గడప దాటితే చుట్టరికం తెగిపోతుందన్న భయం. సేటు ఎక్కడో పదిహేను వందల కిలోమీటర్ల అవతల హాయిగా ఉంటాడు. గొడవంతా మన వీధిలో, మనలో మనకే.

అందుకే కాగితం మీద తండేలు పేరొక్కటే ఉంటే చాలదు, సేటు పేరు ఉండాలి. అది కళాసీకి ఎంత అవసరమో తండేలుకూ అంతే అవసరం. నేను మాట్లాడిన తండేళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ మాటకు వెంటనే తలూపారు. "సేటు సంతకం ఉంటే మా నెత్తిమీద బరువు దిగుద్ది" అన్నాడొకాయన.

2018 సంగతి మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. నవంబరు ఆఖర్న వెరావల్ నుంచి వెళ్ళిన బోట్లను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. మనవాళ్ళు ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. ప్రభుత్వం మనిషికి 5 లక్షలు ఇచ్చింది, సంతోషమే. కానీ ఆ ఏడాదిలో వాళ్ళ భార్యలు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో కూడా మనకు గుర్తుండాలి. 2008 ఒప్పందం ప్రకారం పట్టుబడ్డవాళ్ళను మూడు నెలల్లో మన రాయబార కార్యాలయం వాళ్ళు కలిసే వీలుండాలి. శిక్ష పూర్తయి, ఏ దేశం వాడో తేలిన నెల రోజుల్లో వదిలెయ్యాలి. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 జూలై జాబితాలో పాకిస్తాన్ చూపించిన మన జాలర్లు 193 మంది. ఏ దేశం వాడో తేలాలంటే ఊరికి కబురు రావాలి, ఊళ్ళో వాకబు చెయ్యాలి. మనవాడు ఫలానా బోటులో ఫలానా రోజు వెళ్ళాడని సచివాలయం రిజిస్టరులో ముందే ఉంటే ఆ వాకబుకు ఎంతసేపు పడుతుంది?

లాక్‌డౌన్ అప్పుడు ఇంకా స్పష్టంగా తెలిసింది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో మన జాలర్లు వేలమంది వెరావల్ రేవులో బోట్ల మీదే ఇరుక్కుపోయారు. ఒడ్డుకు దిగనివ్వరు, బోటులో మంచినీళ్ళు లేవు. ఎంతమంది ఉన్నారో ఇక్కడ ఏ ఆఫీసులోనూ లెక్క లేదు. ఊరూరా వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు పోగేసుకున్నాం. ఒకే మనిషి పేరు మూడు లిస్టుల్లో, ఇంకొకడి పేరు ఏ లిస్టులోనూ లేదు. ఏప్రిల్ ఆఖరుకు బస్సులు కదిలాయి. ఆ రోజుల్లో రాత్రి పదకొండింటికి కూడా నా సెంటర్ ముందు ఆడవాళ్ళు నిలబడేవారు, తమ ఇంటాయన పేరు లిస్టులో ఉందో లేదో చూసి చెప్పమని. ఆ టెన్షన్ మళ్ళీ ఎవరికీ వద్దు.

అసలు విడ్డూరం ఏమిటంటే, ఎవరు ఏ బోటులో ఉన్నారన్నది గుజరాత్ మత్స్యశాఖకు తెలుసు. బోటు రేవు దాటాలంటే టోకెన్ తీసుకోవాలి, అందులో ఎక్కినవాళ్ళ వివరాలు ఇవ్వాలి. బోట్లకు ట్రాన్స్‌పాండర్లు కూడా పెడుతున్నారు. బోటు ఎక్కడుందో చెప్పే ఏర్పాట్లు ఇన్ని ఉన్నాయి. అందులో ఉన్న మనిషికి జీతం అందిందో లేదో చెప్పే ఏర్పాటు ఒక్కటీ లేదు.

చట్టాల సంగతి కూడా ఒక్కమాట. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉన్న చోటికి కూడా వర్తించేది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కార్మికుడి ఫోటోతో పాస్‌బుక్, దారిఖర్చులు అందులో ఉండేవి. మన తీరంలో దాన్ని అమలు చెయ్యగా నేను చూడలేదు గానీ పుస్తకంలో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తిపర భద్రత కోడ్ వచ్చింది. అందులో వలస కార్మికుల భాగం పదిమంది ఉంటేనే వర్తిస్తుంది. గుజరాత్ బోటు మీద ఉండేది ఏడెనిమిది మంది. సేటుకు నాలుగు బోట్లుంటే అన్నీ కలిపి లెక్కేస్తారా, బోటు బోటుకూ వేరేనా? దీని మీద రాష్ట్రం నుంచి స్పష్టత అడగాల్సింది మీలాంటి అధికారులే. దుబాయ్ వెళ్ళేవాణ్ణి పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఇరాన్, గల్ఫ్ బోట్లకని చెప్పి ఉద్దానం వైపు మోసాలు జరుగుతున్నా, కనీసం ఆ లైసెన్సు ఉందా అని అడగడానికి వీలుంది. వెరావల్ పంపేవాణ్ణి ఏమని అడగాలి?

థాయ్‌లాండ్‌లో కూడా ఒకప్పుడు ఇంతే, ఇంకా ఘోరం. 2015లో ఇండోనేషియాలోని బెంజీనా దీవి దగ్గర బోట్ల మీద బానిసల్లా పడి ఉన్న జాలర్ల సంగతి పత్రికల్లోకి వచ్చాక రెండు వేల మందికి పైగా విడుదలయ్యారు. పద్ధతి మార్చుకోకపోతే మీ చేప కొనం అన్న హెచ్చరికగా యూరప్ పసుపు కార్డు చూపించేసరికి థాయ్ ప్రభుత్వం కదిలింది. బోటు వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కళాసీల జాబితా చూసే కేంద్రాలు పెట్టింది, జీతం బ్యాంకులోనే వెయ్యాలంది. 2019 జనవరిలో చేపల వేట కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం, 188వ నంబరుది, ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం, రోజుకు పది గంటల విశ్రాంతి, కుదిర్చినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది అందులోని మాటలు. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. వెరావల్ చేప యూరప్ వెళ్ళాలంటే ఏ బోటు, ఏ వల, ఏ సముద్రం అని ధ్రువపత్రం కావాలి. పట్టిన మనిషి గురించి అందులో గడే లేదు. తాబేళ్ళు తప్పించుకునే పరికరం వలకు లేదని అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. తాబేళ్ళు మా ఒడ్డున గుడ్లు పెట్టే జీవాలు, వాటి మీద నాకు కోపం లేదు. కళాసీకి కూడా అంత విలువ రావాలని ఆశ, అంతే.

ఇంట్లోనూ ఒక అన్యాయం ఉంది. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ కాలానికి ఇచ్చే సాయాన్ని 20 వేలకు పెంచి, 2025 ఏప్రిల్‌లో మా మండలంలోని బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి గారు మొదలుపెట్టారు. ఇక్కడి బోట్ల మీద ఉన్నవాళ్ళకు అది అందుతుంది. గుజరాత్ కళాసీ మాత్రం ఏప్రిల్, మే నెలల్లో అక్కడ సముద్రం మీద ఉంటాడు కాబట్టి ఇక్కడి సర్వేలో ఉండడు. జూన్, జూలైల్లో అక్కడ నిషేధమని పని లేక ఇక్కడికి వస్తాడు, అప్పటికి ఇక్కడ నిషేధం అయిపోవస్తుంది. రెండు తీరాల నిషేధాల మధ్య ఏ సాయానికీ అందకుండా పోతాడు. జూలైలో చేతిలో డబ్బాడదు. సరిగ్గా అప్పుడే తండేలు అడ్వాన్సు తెస్తాడు. ఆ 20 వేలలో సగమైనా జూలైలో ఇతనికి అందితే, అడ్వాన్సు నలభై కాస్తా ఇరవై అవుతుంది, ఆ మేరకు కట్టూ వదులవుతుంది. ఇది మీ చేతిలోది కాదు, రాష్ట్రానిది. కానీ మీరు రాస్తే చదువుతారు.

మీ చేతిలో ఉన్నదాని గురించి చెప్పి ముగిస్తాను. తీరం ఊళ్ళ గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు. జూలైలో వాళ్ళ దగ్గర ఒక రిజిస్టరు పెట్టించండి. బయటి రాష్ట్రం బోటెక్కే ప్రతి మనిషీ పేరు రాయించుకోవాలి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, సేటు పేరు, ఫోన్, తండేలు పేరు, అడ్వాన్సు ఎంత, నెలకెంత, ఇంటికి ఏ ఖాతాలో పంపుతారు, లెక్క ఏ తేదీన చూస్తారు అన్నవి ఉండాలి. ఒక కాపీ కళాసీ భార్య దగ్గర, ఒకటి తండేలు దగ్గర. రాయించుకోనివాణ్ణి రైలెక్కనివ్వం అనొద్దు, అలా అంటే దొంగచాటుగా వెళ్తారు, ఇప్పటికన్నా అధ్వాన్నం అవుతుంది. రాయించుకున్నవాడికి మత్స్య సంపద యోజన కింద 5 లక్షల ప్రమాద బీమాలో పేరు ఎక్కించండి. వాళ్ళే వరస కడతారు. పద్ధెనిమిది నిండనివాడు వస్తే మాత్రం మత్స్య సహాయకుడు ఆపాలి, స్కూలు టీసీ చూడాలి, ఆధార్ ఒక్కటీ చూసి ఊరుకోకూడదు.

ఆ రిజిస్టరు జాబితాలను వెరావల్ ఉన్న గిర్ సోమనాథ్, పోరుబందర్, దేవభూమి ద్వారక జిల్లాల కలెక్టర్లకు పంపించండి. కలెక్టరు నుంచి కలెక్టరుకు వెళ్ళిన ఉత్తరానికి సేటు భయపడతాడు, మా ఫోన్లకు భయపడడు. సీజనులో తెలుగు వచ్చిన మనిషి ఒక్కరు వెరావల్ రేవులో ఉండేలా మత్స్యశాఖను అడగండి. విజిలెన్స్ కమిటీలో ఇద్దరు సామాజిక కార్యకర్తలను నియమించే అధికారం మీదే. ఆ ఇద్దరిలో ఒకరిగా భర్త గుజరాత్ బోటు మీద ఉన్న ఆడమనిషిని పెట్టండి. ఏ ఇంట్లో డబ్బు రావడం ఆగిపోయిందో, ఎవరికి ఫోన్ అందడం లేదో ఆవిడకు తెలిసినంతగా ఏ శాఖకూ తెలియదు. ఎవరైనా ఫిర్యాదుతో వస్తే "గుజరాత్‌లో కేసు పెట్టుకో" అనకుండా ఎఫ్ఐఆర్ కట్టమని తీరం స్టేషన్లకు చెప్పండి. నేరం ఎక్కడ జరిగినా కట్టాలని కొత్త చట్టం, నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. మనుషుల అక్రమ రవాణా అయితే న్యాయ సంహిత 143, బలవంతపు చాకిరీ అయితే 146.

రిజిస్టరు ఫారం ఎలా ఉండాలో ఒక పేజీ తయారుచేసి పెట్టాను. తెలుగు ఒక వైపు, గుజరాతీ రెండో వైపు ఉంటే సేటు కూడా చదువుకుంటాడు. గుజరాతీ వైపు వెరావల్‌లో చాలా కాలం ఉన్న ఒక తండేలు రాసిచ్చాడు, తప్పులుంటే మీ వాళ్ళు దిద్దుకోవచ్చు. ఈ జూలైలోనే ఎచ్చెర్ల, రణస్థలం, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో మొదలుపెడితే, ఆగస్టు రైళ్ళకు ముందే ఒక విడత అయిపోతుంది. మత్స్య సహాయకులు వస్తే ప్రింట్లు నేనే తీసిస్తాను, డబ్బులొద్దు.

ఇట్లు,
ఎచ్చెర్ల మండలం నుంచి
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు